మందు ఇవ్వనందుకు కూడా ఫీజు ఇవ్వాలి

గొంతు నొప్పితో వచ్చినవాళ్లను ఫార్మసీలోనే పరీక్షించి, అవసరమైతే అక్కడికక్కడే యాంటీబయాటిక్ ఇచ్చి పంపే పద్ధతి కొన్ని దేశాల్లో నడుస్తోంది. ఇది మంచిదా కాదా అని అడిగితే మంచిదే అంటాను. కాకపోతే ఒక షరతు పెడతాను. ఫార్మసిస్టు ఎవరినైనా చూసి, "మీకు యాంటీబయాటిక్ అక్కర్లేదు" అని చెప్పి ఊరికే పంపించినా సరే, ఆ పనికి ఆమెకు ముట్టాల్సింది పూర్తిగా ముట్టాలి. ఈ ఒక్కటీ లేకపోతే మిగతా ఏర్పాట్లు ఎంత బాగున్నా నాకు నమ్మకం కుదరదు.

ఈ విషయం మీద జరిగే వాదనలన్నీ దాదాపుగా "ఇది డాక్టరు పనా, ఫార్మసిస్టు పనా" అన్న చోటే తిరుగుతుంటాయి. హద్దుల గొడవ అది. గొంతు నొప్పితో గుటక పడక అవస్థ పడుతున్న మనిషికి ఆ గొడవతో పని లేదు. అతనికి తెలియాల్సినవి రెండే: ఇది దానంతటదే తగ్గేదా, తగ్గేదాకా ఈ నొప్పి ఎలా భరించాలి? ఈ రెండింటికీ నిజాయితీగా జవాబు చెప్పగలిగిన వాళ్లు ఏ కౌంటరు వెనక ఉంటేనేం?

ముందు అసలు సంగతి. గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవి. యాంటీబయాటిక్ గురించి ఆలోచించాల్సిన ముఖ్యమైన బాక్టీరియా స్ట్రెప్టోకాకస్ పయోజెనెస్, వాడుకలో స్ట్రెప్ ఎ. గొంతు నొప్పితో వచ్చే పెద్దవాళ్లలో వందకు 5 నుంచి 15 మందికి, పిల్లల్లో 20 నుంచి 30 మందికి ఇది కారణం. అంటే ఏ వయసువాళ్లను తీసుకున్నా, యాంటీబయాటిక్‌తో పని లేనివాళ్లే ఎక్కువ. ఈ లెక్కను బట్టి చూస్తే ఫార్మసిస్టు రోజంతా చెయ్యాల్సిన పనిలో సింహభాగం "అక్కర్లేదు" అని చెప్పడమే. మందులు అమ్మి బతికే చోట కూర్చుని, మందు వద్దని చెప్పే పని!

ఎవరికి అవసరమో ఎవరికి కాదో తేల్చడానికి మొదటి సాధనం పరీక్ష కిట్టు కాదు, కొన్ని ప్రశ్నలు. 1981లో రాబర్ట్ సెంటార్ అనే అమెరికన్ డాక్టరు, తన సహచరులతో కలిసి, ఎమర్జెన్సీకి గొంతు నొప్పితో వచ్చిన పెద్దవాళ్లను గమనించి నాలుగు గుర్తులు ఏర్పరిచారు, ఉన్న ఒక్కో గుర్తుకూ ఒక పాయింటు. జ్వరం వచ్చిందా? టాన్సిల్స్ మీద తెల్లగా చీములాంటి పొర ఉందా? మెడ ముందువైపు బిళ్లలు కట్టి, తాకితే నొప్పిగా ఉన్నాయా? దగ్గు లేదా? చివరి ప్రశ్న మామూలు మనిషికి వింతగా అనిపిస్తుంది. దగ్గు ఉంటే జబ్బు పెద్దదని కదా మనం అనుకుంటాం. ఇక్కడ దగ్గూ జలుబూ ఉండడం వైరస్ వైపు చూపిస్తుంది. గొంతు మాత్రమే పట్టుకుని, ముక్కూ ఛాతీ శుభ్రంగా ఉంటే అప్పుడే స్ట్రెప్ మీద అనుమానం పెరుగుతుంది. తర్వాత 1998లో కెనడాలో మెక్‌ఐజాక్ దీనికి వయసును కూడా జోడించారు: పిల్లలైతే ఒక పాయింటు కలుస్తుంది, 45 దాటితే ఒకటి పోతుంది. బ్రిటన్‌లో 2013 నుంచి ఫీవర్‌పెయిన్ అనే ఇంకో లెక్క వాడుకలోకి వచ్చింది. అందులో నాకు నచ్చే ప్రశ్న, మొదలైన మూడు రోజుల లోపే వచ్చారా అన్నది. మనిషి ఎంత తొందరగా పరిగెత్తుకొచ్చాడన్నది కూడా జబ్బు తీవ్రతకు ఒక కొలతే అని ఒప్పుకున్నారన్నమాట.

ఈ ప్రశ్నలు అడగడానికి, టార్చిలైటు వేసి గొంతు చూడడానికి, మెడ తడిమి చూడడానికి వైద్యంలో పెద్ద డిగ్రీ అక్కర్లేదు. తగిన శిక్షణ, కాస్త తీరిక, వెనకనున్న క్యూకు వినబడకుండా మాట్లాడుకునే ఒక చిన్న గది ఉంటే చాలు. మూడిట్లో కష్టమైనది తీరికే.

ఇక పరీక్ష. నోరు బాగా తెరిపించి, దూది పుల్లను రెండు టాన్సిల్స్ మీదా, గొంతు వెనక గోడ మీదా గట్టిగా రుద్దుతారు. నాలుకకూ బుగ్గలకూ తగలకూడదు. నాకు ఒకసారి చేశారు. ఓకరింత వచ్చి కళ్లమ్మట నీళ్లు కారాయి, పని మాత్రం క్షణాల్లో అయిపోయింది. ఓకరింత రాలేదంటే పుల్ల సరైన చోటికి వెళ్లనట్టే అని ఆ ఫార్మసిస్టు నవ్వుతూ అన్నది. తర్వాత ఆ పుల్లను చిన్న గొట్టంలోని రెండు ద్రావకాల్లో ముంచి తిప్పుతారు. బాక్టీరియా గోడలోని ఒక చక్కెర పదార్థాన్ని ఆ ద్రావకాల్లోని ఆమ్లం విడగొడుతుంది. దాన్ని పట్టుకునే యాంటీబాడీలు పూసిన పట్టీ మీద, ఎప్పుడూ వచ్చే మొదటి గీతతో పాటు రెండో గీత కూడా వస్తే స్ట్రెప్ ఎ ఉన్నట్టు. కోవిడ్ రోజుల్లో ఇళ్లలో చేసుకున్న పరీక్ష లాంటిదే. అయిదు, పది నిమిషాల పని. లాబ్‌కు పంపి, బాక్టీరియాను పెంచి చూసే కల్చర్ చేయిస్తే ఒకటి రెండు రోజులు పడుతుంది.

నాకు ఒక గీతే వచ్చింది. అంటే స్ట్రెప్ లేదు. మంచి వార్తే. అయినా లోపల ఎక్కడో చిన్న నిరాశ కలిగింది. ఇంత నొప్పికి ఒక పేరూ లేదు, ఒక మాత్రా లేదా అని. ఆ నిరాశ నా ఒక్కడిదే కాదని నాకు నమ్మకం. ఫార్మసీలో ఈ సేవ ఎలా నడవాలన్న ప్రశ్నలో సగం బరువు ఆ నిరాశ మీదే ఉంది. దాన్ని ఎదుర్కోవడం ఎదుటి మనిషికి మందు ఇవ్వడం కన్నా ఎక్కువ సమయం తీసుకుంటుంది. పొట్లం కట్టివ్వడానికి ఒక నిమిషం చాలు. ఎందుకు ఇవ్వడం లేదో చెప్పి ఒప్పించడానికి పది నిమిషాలు కావాలి.

పరీక్ష ఎంత ఖచ్చితమైనది అన్నది కొంచెం లెక్క వేసి చూడాల్సిన విషయం. పిల్లల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2016లో కాక్రేన్ సంస్థ ఇచ్చిన సమీక్ష ప్రకారం, స్ట్రెప్ ఉన్నవాళ్లలో వందకు దాదాపు 86 మందిని ఈ పరీక్ష పట్టుకుంటుంది. లేనివాళ్లలో వందకు 95 మందిని సరిగ్గానే లేదంటుంది. వినడానికి బాగానే ఉంది. ఇప్పుడు ప్రశ్నలేమీ అడగకుండా, గొంతు నొప్పి అన్న ప్రతి పెద్ద మనిషికీ పరీక్ష చేశామనుకోండి. పెద్దవాళ్లలోనూ పరీక్ష అంతే బాగా పనిచేస్తుందని, వందమందిలో పదిమందికి నిజంగా స్ట్రెప్ ఉందని అనుకుందాం. ఆ పదిమందిలో ఎనిమిది తొమ్మిది మంది దొరుకుతారు. మిగతా తొంభై మందిలో నలుగురికో అయిదుగురికో లేని స్ట్రెప్ ఉన్నట్టు చూపిస్తుంది. అంటే రెండో గీత వచ్చిన పదమూడు మందిలో మూడో వంతు మందికి మందు దండగ. అదే ముందు ప్రశ్నలడిగి, దగ్గూ జలుబూ ఉన్నవాళ్లను పక్కకు తప్పించి, అనుమానం బలంగా ఉన్నవాళ్లకే చేస్తే తప్పు గీతల వాటా బాగా తగ్గుతుంది. పరీక్ష మంచిదా చెడ్డదా అని విడిగా అడగడంలో అర్థం లేదు. ఎవరికి చేశారు అన్నదాన్ని బట్టి అదే పట్టీ విలువ మారిపోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఏ జబ్బూ లేకుండా గొంతులో స్ట్రెప్‌ను మోసుకు తిరిగే పిల్లలు వందకు పన్నెండు మంది దాకా ఉంటారు. అలాంటి పిల్లాడికి మామూలు జలుబు చేసి గొంతు నొప్పి వస్తే, పరీక్ష నిజాయితీగా స్ట్రెప్ ఉందనే చెబుతుంది. ఉంది, నిజమే. కానీ నొప్పికి కారణం అది కాదు. పట్టీకి ఈ తేడా తెలియదు. ఎదురుగా ఉన్న పిల్లాడి ముక్కు కారుతోందా లేదా అని చూసే మనిషికి తెలుస్తుంది.

సరే, స్ట్రెప్ ఉందని తేలిందే అనుకుందాం. యాంటీబయాటిక్ వల్ల ఒరిగేదెంత? స్ట్రెప్ ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ కలిపి చూస్తే నొప్పి, జ్వరం ఉండే కాలం సగటున ఓ 16 గంటలు తగ్గుతుందని కాక్రేన్ సమీక్ష తేల్చింది. మందు వాడనివాళ్లలో కూడా వందకు ఎనభై మందికి పైగా వారం తిరిగేసరికి మామూలు మనుషులవుతారు. ఈ అంకె మొదటిసారి చదివినప్పుడు నేను రెండోసారి చదువుకున్నాను. పదహారు గంటలు తక్కువేమీ కాదు, రాత్రంతా గొంతు పట్టుకుని కూర్చున్నవాళ్లకు అది ఎంత విలువైనదో తెలుసు. కానీ యాంటీబయాటిక్ పడకపోతే గొంతు నొప్పి పోదు అని చాలామందికి ఉన్న నమ్మకానికి, ఈ పదహారు గంటలకు మధ్య చాలా దూరం ఉంది. పైగా ఆ మందుకు విరేచనాలు, దద్దుర్లు లాంటి తోకలు ఉంటాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్లు ఊరికే అనలేదు.

అయితే పెన్సిలిన్ ఇవ్వడానికి గట్టి కారణం మరొకటి ఉంది. అది రుమాటిక్ ఫీవర్. స్ట్రెప్ గొంతు నొప్పి తగ్గిపోయిన కొన్ని వారాలకు, కొందరిలో ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరబడి సొంత కీళ్ల మీద, గుండె కవాటాల మీద దాడి చేస్తుంది. కీళ్లు కోలుకుంటాయి. కవాటాలు చాలామందిలో కోలుకోవు. 1950 ప్రాంతంలో అమెరికాలోని వయోమింగ్‌లో ఒక వైమానిక స్థావరంలో, స్ట్రెప్ సోకిన సైనికులను సుమారు 800 మంది చొప్పున రెండు జట్లుగా చేసి ఒక జట్టుకు పెన్సిలిన్ ఇచ్చారు, ఇంకో జట్టుకు ఇవ్వలేదు. ఇవ్వనివారిలో 17 మందికి రుమాటిక్ ఫీవర్ వచ్చింది, ఇచ్చినవారిలో ఇద్దరికి. ఈ రోజుల్లో ఏ నీతి సంఘమూ ఒప్పుకోని ప్రయోగం అది, కానీ దాని ఫలితం ఇప్పటికీ మనల్ని నడిపిస్తోంది. అదే స్థావరంలో తర్వాత తేలిన మరో విషయం ఫార్మసీ చర్చకు ఇంకా ముఖ్యం: జబ్బు మొదలైన తొమ్మిది రోజుల దాకా పెన్సిలిన్ మొదలుపెట్టినా రుమాటిక్ ఫీవర్‌ను ఆపగలదు. అంటే ఈ రాత్రే మాత్ర పడకపోతే కొంప మునుగుతుందన్న టెన్షన్ అక్కర్లేదు. రెండు మూడు రోజులు ఆగి చూద్దాం అనే ఫార్మసిస్టు నిర్లక్ష్యం చేస్తున్నట్టు కాదు, ఆ వెసులుబాటు ఆమెకు ఉంది.

ఇది ఎక్కడైనా ఒకేలా వర్తిస్తుందా అంటే, వర్తించదు. రుమాటిక్ ఫీవర్ దాదాపు మాయమైన చోట గొంతు నొప్పికి మాత్రలు ఇవ్వకుండా ఆపడం తెలివైన పని. అది ఇంకా పిల్లల గుండెల్ని పాడుచేస్తున్న చోట, పేద ఇళ్లలో కిక్కిరిసి బతికే పిల్లల మధ్య, ఒక్క స్ట్రెప్ గొంతు కూడా చేజారకూడదు. న్యూజిలాండ్‌లో మావోరి, పసిఫిక్ దీవుల పిల్లల కోసం బడుల్లోనే గొంతు పరీక్షలు పెట్టింది ఇందుకే. రుమాటిక్ గుండె జబ్బును పట్టించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సభ 2018లో తీర్మానం చేసింది కూడా. కాబట్టి ఒక దేశం పద్ధతిని ఇంకో దేశం కళ్లు మూసుకుని ఎత్తుకెళ్లడం నాకు ఇష్టం లేదు. పరీక్ష ఒకటే, పుల్ల ఒకటే, కానీ ఎవరికి పరీక్ష చెయ్యాలి, ఎంత అనుమానం దగ్గర మందు మొదలుపెట్టాలి అన్న హద్దు స్థలాన్ని బట్టి మారాల్సిందే.

ఇరుగుపొరుగున ఉన్న వేల్స్, ఇంగ్లండ్ ఈ విషయంలో చెరో దారి పట్టడం నాకు చాలా ఆసక్తిగా అనిపిస్తుంది. వేల్స్ 2018 చివర్లో రెండు ఆరోగ్య మండళ్ల పరిధిలో మొదలుపెట్టింది: ఫార్మసిస్టు ముందు పాయింట్లు లెక్కిస్తారు, తగినంత వస్తే పుల్ల పరీక్ష చేస్తారు, దాన్ని బట్టి మందు. ఇంగ్లండ్ 2024 జనవరి 31న ఫార్మసీ ఫస్ట్ అనే సేవ ప్రారంభించింది. గొంతు నొప్పితో కలిపి ఏడు జబ్బులకు డాక్టరు చీటీ లేకుండానే ఫార్మసిస్టు వైద్యం చెయ్యవచ్చు. కానీ అక్కడ గొంతుకు పుల్ల పరీక్ష లేదు, ఫీవర్‌పెయిన్ పాయింట్లే ఆధారం. అయిదేళ్లు పైబడిన మామూలు రోగులకు ఈ పరీక్షల వల్ల ఒనగూరేది తక్కువని, పెట్టే ఖర్చుకు తగదని, ఏ వైద్యం వాడాలో ప్రభుత్వ ఆరోగ్య సేవకు సూచించే అక్కడి నైస్ సంస్థ 2019లోనే తేల్చింది. అటు ఫ్రాన్స్ 2024 జూన్‌లో, పరీక్షలో స్ట్రెప్ తేలితే ఫార్మసిస్టే యాంటీబయాటిక్ ఇవ్వడానికి అనుమతించింది.

పాయింట్లు చాలవా, పరీక్ష కూడా ఉండాలా? నేను వేల్స్ వైపే మొగ్గుతాను. అందుకు కారణం కోవిడ్ కాలంలో అనుకోకుండా జరిగిన ఒక ప్రయోగం. గొంతులో పుల్ల పెడితే వైరస్ అంటుకునే ప్రమాదం ఉంటుందని అక్కడ పరీక్షలు ఆపేశారు, ఫోన్లోనూ వీడియోలోనూ చూడడం మొదలుపెట్టారు. అర్హులైన రోగుల్లో యాంటీబయాటిక్ అందుకున్నవారి వాటా రెట్టింపు దాటింది. అదే ఫార్మసిస్టులు, అదే పాయింట్లు. చేతిలో పట్టీ లేకపోయేసరికి "ఎందుకైనా మంచిది" అన్న ఆలోచన గెలిచింది. ఎదురుగా ఒక మనిషి బాధపడుతుంటే, లోపల ఏముందో ఖాయంగా తెలియనప్పుడు ఎవరైనా అలాగే చేస్తారు. పరీక్ష గొప్పతనం స్ట్రెప్‌ను కనిపెట్టడంలో కన్నా, లేదని చెప్పడానికి ఫార్మసిస్టుకు ధైర్యం ఇవ్వడంలో ఉందని నాకు అనిపిస్తుంది. రోగికి కూడా అంతే. "నాకు లేదనిపిస్తోంది" అన్న మాట వేరు, "ఇదిగో చూడండి, రెండో గీత రాలేదు" అన్న మాట వేరు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇంగ్లండ్‌లో నాకు నచ్చిన భాగం ఇదే: ఫార్మసీ ఫస్ట్ మొదలైనప్పుడు, నిర్ణీత నిబంధనల్లోకి వచ్చే ఒక్కో రోగిని చూసినందుకు ఫార్మసీకి 15 పౌండ్లు ఇస్తామన్నారు. మందు ఇచ్చినా, సలహా మాత్రమే ఇచ్చి పంపినా ఫీజు ఒకటే. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మొత్తం సేవ నిలబడేది ఈ ఇరుసు మీదే. మాత్రలు అమ్మితేనే రాబడి అన్న ఏర్పాటు ఉన్న చోట ఎంత మంచి ఫార్మసిస్టయినా నెలాఖరుకు లెక్కలు చూసుకుంటుంది. ఆమె చూసుకోకపోయినా ఆమె యజమాని చూస్తాడు. పెద్ద చెయిన్ దుకాణాల్లో రోజుకు ఇన్ని సంప్రదింపులు, నెలకు ఇన్ని అని లక్ష్యాలు పెట్టడం మొదలైతే పాయింట్లు కూడా కొంచెం కొంచెం పైకి జరుగుతాయి. టాన్సిల్స్ మీద ఆ తెలుపు చీమా, నిన్నటి పెరుగన్నమా అన్న అనుమానం వస్తే ఎటు తీర్పు ఇవ్వాలో ఆ లక్ష్యమే చెబుతుంది.

పరీక్ష ఖర్చు రోగి జేబులోంచి వస్తే ఇంకో రకం వంకర తయారవుతుంది. డబ్బు కట్టి పరీక్ష చేయించుకున్నవాడికి ఏమీ లేదని చెబితే, తనకేదో నష్టం జరిగినట్టే ఉంటుంది. డబ్బూ పోయె, మందూ రాకపోయె. ఆ మొహం చూసి ఫార్మసిస్టు మనసు కరుగుతుంది. అందుకే ఈ పరీక్ష ఖర్చును ప్రభుత్వమో బీమానో భరించాలి, రోగి దగ్గర పైసా తీసుకోకూడదు అంటాను. ఇది దయతో చెప్పే మాట కాదు. లేదు అన్న జవాబు నిలబడాలంటే ఆ జవాబు వల్ల ఇటువైపు గానీ అటువైపు గానీ ఎవరూ డబ్బు పోగొట్టుకోకూడదు.

డాక్టర్ల సంఘాల అభ్యంతరాల్లో నేను తీసిపారేయలేనిది ఒకటుంది: రోగి చరిత్ర ముక్కలైపోతుంది. ఏడాదిలో అయిదుసార్లు అయిదు ఫార్మసీల్లో గొంతు చూపించుకున్నవాడి సంగతి ఎవరికీ పూర్తిగా తెలియదు. దీనికి మందు ఉంది: చూసిన ప్రతిసారీ ఆ వివరం రోగి రికార్డులోకి, ఉంటే అతని డాక్టరుకు వెళ్లాలి. ఉంటే అని ఎందుకన్నానంటే, అమెరికాలో మిషిగన్, మిన్నెసోటా, నెబ్రాస్కా రాష్ట్రాల్లో 55 ఫార్మసీల్లో ఈ పద్ధతిని పరిశీలించినప్పుడు, వచ్చినవాళ్లలో నలభై శాతానికి పైగా మామూలుగా చూపించుకునే డాక్టరంటూ లేనివాళ్లే. అక్కడ పరీక్షించిన 273 మందిలో 48 మందికే స్ట్రెప్ తేలింది. చరిత్ర ముక్కలవుతుందన్న బాధ, అసలు చరిత్రే లేనివాళ్లకు ఎలా వర్తిస్తుంది?

పైగా ఫార్మసిస్టుకు డాక్టరు కన్నా బాగా తెలిసిన చరిత్ర ఒకటుంది, అది మందుల చరిత్ర. గొంతు నొప్పి విషయంలో ఇది ప్రాణాలు కాపాడుతుంది. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసేవారికి కార్బిమజోల్ ఇస్తారు. అరుదుగా అది తెల్ల రక్తకణాలను ఒక్కసారిగా పడగొట్టేస్తుంది. దానికి మొదటి సంకేతం తరచుగా గొంతు నొప్పే. తీవ్రమైన మానసిక జబ్బుకు వాడే క్లోజపిన్, కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ కూడా ఇలాంటివే. ఇవి వాడుతున్న మనిషి గొంతు నొప్పి అని వస్తే పుల్ల పరీక్షలూ పాయింట్లూ అన్నీ పక్కనపెట్టి అదే రోజు రక్తపరీక్షకు పంపాలి. హడావుడిలో ఉన్న డాక్టరు "మీరు వేరే మందులేమైనా వాడుతున్నారా" అని అడిగితే, చాలామంది "ఏం లేదండీ" అనేస్తారు, రోజూ వేసుకునే మాత్రలు మందుల కిందికి రావన్నట్టు. ఫార్మసిస్టు కంప్యూటర్లో ఆ పేరు ఎదురుగా కనిపిస్తుంది.

పెన్సిలిన్ పడదు అనే మాట కూడా అలాంటిదే. వందలో పదిమంది తమకు పెన్సిలిన్ అలర్జీ ఉందంటారు, నిజంగా ఉన్నది వందలో ఒకరికి కూడా కాదు. చిన్నప్పుడెప్పుడో ఒంటి మీద దద్దుర్లు వచ్చాయని అమ్మ చెప్పింది, అంతే. ఆ ఒక్క మాటతో చీటీ మీద మందు మారిపోతుంది, అజిత్రోమైసిన్ వర్గం వచ్చి కూర్చుంటుంది. ఇక్కడో విచిత్రం ఉంది. ఇన్ని దశాబ్దాలుగా వాడుతున్నా, పెన్సిలిన్‌కు పూర్తిగా లొంగని స్ట్రెప్ ఎ ఇప్పటిదాకా రోగుల్లో కనబడలేదు. అజిత్రోమైసిన్ వర్గానికి మాత్రం అది చాలాచోట్ల ఎదురు తిరగడం నేర్చుకుంది. చవకైన పాత మందు ఇప్పటికీ పనిచేస్తుంటే, మూడు రోజుల కోర్సు సులువని కొత్తదానివైపు పోవడం ఏం తెలివి? ఇక "స్ట్రెప్ ఎటూ పెన్సిలిన్‌కు లొంగుతుంది కదా, అక్కర్లేకపోయినా ఇస్తే నష్టమేంటి" అనేవాళ్లకు ఒక మాట. ఆ మాత్ర గొంతు దగ్గర ఆగదు. పేగుల్లో, చర్మం మీద, ఊపిరితిత్తుల దారిలో ఉన్న మిగతా బాక్టీరియా అంతా దాన్ని చూస్తుంది. ఎదురు తిరగడం నేర్చుకునేది అవి.

ఫార్మసీలో అసలు చూడకూడని గొంతులు కూడా ఉన్నాయి. ఊపిరి తీస్తుంటే చప్పుడు రావడం, సొంత ఉమ్మి కూడా మింగలేక చొంగ కారడం, నోరు తెరవలేకపోవడం, ఒకవైపే వాచి గొంతు ముద్దముద్దగా పలకడం, మెడ బిగుసుకుపోవడం. ఇవి నేరుగా ఆసుపత్రికి. చొంగ కారుస్తూ ముందుకు వంగి కూర్చున్న పిల్లాడి గొంతులో పుల్ల పెట్టడమే ప్రమాదం. ఈ జాబితా కౌంటర్ వెనక గోడకు అంటించి ఉంటే చాలదు, నోటికి వచ్చి ఉండాలి.

మిగిలిన అత్యధికులకు అసలు వైద్యం నొప్పి తగ్గించడమే, దాన్ని చిన్నచూపు చూడడం నాకు చిరాకు. పారాసిటమాల్ గానీ, పడేవాళ్లకు ఐబుప్రొఫెన్ గానీ తగిన మోతాదులో, నొప్పి పెరిగాక కాకుండా వేళకు వేసుకుంటే గొంతు నొప్పి బాగా అదుపులో ఉంటుంది. చాలామంది ఒక మాత్ర వేసుకుని, రెండు గంటలకు తగ్గలేదని వదిలేస్తారు. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. పెద్దవాళ్లు గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది, చిన్నపిల్లలకు గట్టి బిళ్లలు చప్పరించమని ఇస్తే గొంతుకు అడ్డం పడవచ్చు. ఇవన్నీ చెప్పడానికి ఫార్మసిస్టు కన్నా తగినవాళ్లు ఎవరున్నారు? మోతాదులు ఆమె చదువులోని అసలు పాఠం.

ఒట్టి చేతులతో వెళ్లేవాళ్ల చేతిలో ఒక కాగితం పెట్టాలని నా కోరిక. అందులో మూడు విషయాలు చాలు: ఈ నొప్పి మామూలుగా వారం రోజులు ఉంటుంది, మూడు నాలుగు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోతే మళ్లీ రండి, డబ్బేమీ తీసుకోం, ఫలానా లక్షణాలు వస్తే ఇక్కడికి కాదు, ఆసుపత్రికి వెళ్లండి. కింద చూసినవారి పేరు, తేదీ, వచ్చిన పాయింట్లు, పట్టీ ఫలితం. వారం దాటినా నీరసం, జ్వరం పోని కుర్రవాళ్లకు అది మోనో అనే వైరస్ జ్వరం కావచ్చు. అప్పుడు ఆ కాగితం చూసిన డాక్టరు పెన్సిలిన్ వర్గానికే చెందిన అమోక్సిసిలిన్ రాసేముందు ఒకసారి ఆగుతాడు, ఎందుకంటే ఆ జ్వరంలో ఆ మందు పడితే ఒళ్లంతా దద్దుర్లు లేవవచ్చు. అవి పెన్సిలిన్ అలర్జీ కింద రికార్డుకెక్కి, ఆ కుర్రవాడికి జీవితాంతం చవకైన మంచి మందు దూరమైపోతుంది.